ఎండాకాలానికొక ఇల్లు, మిగతా కాలానికొక ఇల్లు: రిటైరైనవారికి రెండిళ్లు ఎంతవరకు అవసరం?

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఉద్యోగం చేసి రిటైరైనవారి ఇళ్లలో పదవీ విరమణ సొమ్ము చేతికి రాగానే మొదలయ్యే చర్చ ఒకటుంది. ఊళ్లో తాతల నాటి ఇల్లో, జిల్లా కేంద్రంలో కట్టుకున్న ఇల్లో ఎలాగూ ఉంటుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో స్థిరపడి ఉంటారు. మార్చి దాటితే ఎండలు తట్టుకోలేమన్న భయం ఉంటుంది. కనుక ఎల్బీ నగర్, వనస్థలిపురం వైపు నల్లగొండవారు, అత్తాపూర్, ఆరాంఘర్ వైపు పాలమూరువారు ఒక ఫ్లాట్ కొనుక్కుని, ఎండాకాలం అక్కడ, వానలు పడ్డాక ఇక్కడ ఉందామని నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయానికి ముందు చూసుకోవలసిన సంగతులేమిటో, సొంతంగా రెండిళ్లు పెట్టుకోవడానికి బదులు ఉన్న దారులేమిటో ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఏడేళ్లుగా నేనూ నా భార్యా దేవరకొండ వైపు మా ఊళ్లో ఎనిమిది నెలలు, హైదరాబాద్‌లో నాలుగు నెలలు గడుపుతున్నాం. మొదటి నాలుగేళ్లు రెండూ సొంత ఇళ్లే. తర్వాత ఫ్లాట్ అమ్మేసి, ఎండాకాలానికి అద్దెకు దిగుతున్నాం. నా మొగ్గు ఎటువైపో పాఠకులకు ముందే తెలియడం న్యాయం.

## ఎండ లెక్క వేరు, ఆస్పత్రి లెక్క వేరు

రెండో ఇల్లు కొనేవారు చెప్పే మొదటి కారణం ఎండ. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ ప్రాంతాల్లో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి మీద ఉంది కాబట్టి అక్కడ ఎండ కొంత తక్కువే. అయితే ఆ కొంత తగ్గుదల చెట్టు కింద నిలబడినవారికి తెలుస్తుంది గానీ, అయిదంతస్తుల భవనంలో పైకప్పు కిందనే ఉన్న ఫ్లాట్‌లో పడుకున్నవారికి తెలియదు. పగలంతా కాగిన కాంక్రీటు శ్లాబు తెల్లవారుజాము వరకు వేడిని లోపలికి దించుతూనే ఉంటుంది. దానికంటే డంగు సున్నపు మిద్దె, రెండడుగుల రాతి గోడలు ఉన్న ఊరి ఇల్లే చల్లగా ఉంటుంది. ఎండాకాలంలో నగరానికి వెళ్లి మనం నిజంగా పొందేది చల్లదనం కాదు. అక్కడ ఏసీ నడవడానికి నమ్మకమైన కరెంటు, దగ్గరలో ఆస్పత్రి, సాయంత్రం మనవలు కనిపించడం, ఇవే.

చల్లదనమే కావాలనుకుంటే 900 మీటర్లకు పైన ఉన్న బెంగళూరుకు వెళ్లాలి. మహబూబ్‌నగర్‌వారికి ఇది నేరు దారి కూడా. 44వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగా కాకపోయినా జడ్చర్ల నుంచి నేరుగా పోతుంది, 2023 సెప్టెంబరులో మొదలైన కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. బెంగళూరులో పిల్లలున్న పాలమూరు దంపతులు ఎండాకాలం కోసం హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనడం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం.

రెండోది వైద్యం. ఈ విషయంలో పరిస్థితి పదేళ్ల కిందటిలా లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీపీ, షుగర్ పరీక్షలకూ, కంటి శుక్లాల ఆపరేషన్‌కూ ఇప్పుడు నగరం దాకా పోవలసిన పని లేదు. కానీ పక్షవాతం వచ్చినప్పుడు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వాలి. నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. దేవరకొండ అవతల, అచ్చంపేట అవతల ఊళ్ల నుంచి రాత్రి రెండు గంటలకు బయలుదేరవలసి వస్తే బండి ఎవరు నడుపుతారన్న ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా రావాలి. అలాంటి మనిషి ఊళ్లో లేకపోతే, ఎండాకాలం మాట అటుంచి, ఊళ్లో ఏ కాలమైనా ఉండటం గురించే ఆలోచించుకోవాలి.

ఆరోగ్య బీమా ఉన్నవారు గమనించవలసిన చిన్న విషయం ఒకటుంది. కొన్ని పాలసీల్లో ప్రీమియం చిరునామాను బట్టి ఉంటుంది. ఊరి చిరునామాతో తక్కువ ప్రీమియానికి తీసుకున్న పాలసీతో నగరంలోని ఆస్పత్రిలో చేరితే బిల్లులో కొంత శాతం మన చేతి నుంచి కట్టాలన్న షరతు ఉండవచ్చు. రెండు చోట్ల కాపురం ఉండేవారు ఈ షరతు చదవకుండా పాలసీ రెన్యువల్ చేయించుకోకూడదు.

## తాళం చెవి ఎవరి దగ్గర?

నా దృష్టిలో అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇది. అయినా ఇల్లు కొనేవారెవరూ దీన్ని అడగరు. రెండిళ్లు ఉన్నవారికి ఏడాది పొడవునా ఏదో ఒక ఇల్లు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ ఇంటిని చూసేదెవరు?

ఫ్లాట్ కొన్న రెండో ఏడు మేము ఏప్రిల్ మొదట్లో ఊరి ఇంటికి తాళం వేసి వెళ్లాం. మే నెలలో ఒకరోజు పక్కింటి కుర్రవాడు ఫోన్ చేసి, “పెద్దబాపూ, మీ మిద్దె మీది ట్యాంకు మూత కోతులు తీసి కింద పడేసినయి, నీళ్లల్ల ఏదో పడ్డట్టుంది, వాసన వస్తున్నది” అన్నాడు. ట్యాంకు ఖాళీ చేయించి, కడిగించి, మళ్లీ నింపించమందామంటే మోటరు అర్ర చెవి హైదరాబాద్‌లో, మా వంటింటి గోడకున్న మేకుకు వేలాడుతోంది. జూన్ మూడో వారంలో తిరిగి వచ్చేసరికి తొలకరి వానలకు తలుపులు ఉబ్బి, భుజం ఆనించి నెడితే తప్ప తెరుచుకోలేదు. లోపలి దర్వాజ చట్రం మీద చిటికెన వేలు మందాన మట్టి గీత ఒకటి గడప నుంచి పైదాకా పాకి ఉంది. నా భార్య ఆ గీత పక్కన బొటనవేలు ఆనిస్తే టేకు చెక్క అప్పడంలా లోపలికి దిగింది. చెదలు చట్రంతో ఆగలేదు. గోడలో ఉన్న చెక్క అలమర కింది అర పట్టుకుని, అందులోని సర్టిఫికెట్ల ఫైలును సగం తిని, మా పెద్దవాడి పదో తరగతి మార్కుల మెమోలో గణితం మార్కులు మాత్రమే మిగిల్చాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు ఇంకిపోయి అది మళ్లీ పనిచేయలేదు. ఆ ఏడు మరమ్మతులకైన ఖర్చు మా రెండు నెలల పింఛను.

ఫ్లాట్‌కు తాళం వేస్తే ఈ బాధలుండవని అనుకుంటాం. కోతులు, చెదలు తక్కువే. కానీ ఫ్లాట్ ఏడాదిలో ఎనిమిది నెలలు మూసి ఉంటే స్నానాల గది నేలలోని జాలీల కింద నిలిచే నీరు ఆరిపోతుంది, ఆ నీరు అడ్డు లేకపోయేసరికి మురుగు వాసనా, బొద్దింకలూ నేరుగా ఇంట్లోకి వస్తాయి. పై ఫ్లాట్ పైపు కారితే మన సీలింగ్ పెచ్చులూడి పడేదాకా ఎవరికీ తెలియదు. జాలీల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి ఇటుక పెట్టడం, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచడం, బ్యాటరీ తీగలు విప్పి రావడం వంటివి రెండిళ్ల కాపురం చేసేవారు అనుభవం మీద నేర్చుకుంటారు. అయితే ఏ జాగ్రత్తా నెలకు రెండుసార్లు తలుపు తీసి, కుళాయిలు తిప్పి, వాకిలి ఊడ్చే మనిషికి సాటి రాదు.

ఇంటి బీమా ఉంటే సరిపోతుందనుకునేవారు పాలసీ కాగితంలో ఇల్లు ఖాళీగా ఉండే రోజుల గురించిన వాక్యం వెతకాలి. వరసగా 30 రోజులకు మించి ఇంట్లో ఎవరూ లేకపోతే దొంగతనం వంటి నష్టాలకు పరిహారం ఇవ్వబోమన్న షరతు చాలా పాలసీల్లో కనిపిస్తుంది. నాలుగు నెలలు మూసి ఉండే ఇంటికి ఆ షరతుతో ఉన్న పాలసీ ఎంత పనికొస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

## డబ్బు: కొనుగోలు ధర కంటే చిక్కుబడే సొమ్ము పెద్దది

ఇక్కడ లెక్క కోసం హైదరాబాద్ శివార్లలో 60 లక్షల ఫ్లాట్‌ను అనుకుందాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అంటే 4.5 లక్షలు తిరిగిరాని ఖర్చు. ఇంకా కడుతున్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ అదనం. కట్టడం పూర్తయి, నివసించవచ్చని అధికారులు ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన తర్వాత అమ్మే ఫ్లాట్‌కు ఆ పన్ను ఉండదు. రిటైరైనవారు కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ కొనడం ఏ విధంగానూ మంచిది కాదని నా అభిప్రాయం. ఇల్లు చేతికి వచ్చేసరికి మన వయసు ఎంతో లెక్కలో వేసుకోవాలి.

అసలు లెక్క ఆ 60 లక్షలు ఫ్లాట్‌లో కాకుండా మరోచోట ఉంటే ఏమి తెస్తుందన్నది. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో ఒకరు 30 లక్షల వరకు పెట్టవచ్చు, భార్యాభర్తలిద్దరూ చెరో ఖాతా తెరవవచ్చు. 2023 ఏప్రిల్‌లో దీని వడ్డీ 8.2 శాతానికి పెరిగింది. ఆ లెక్కన 30 లక్షలకు ప్రతి మూడు నెలలకు 61,500 రూపాయలు, ఇద్దరి ఖాతాల మీద ఏడాదికి 4,92,000 రూపాయలు వస్తాయి. నెలకు 12,000 అద్దెతో చిన్న ఒంటి పడకగది ఇంటిని, నాలుగు నెలలే ఉన్నా, పదకొండు నెలలూ మన పేరు మీదనే ఉంచుకున్నా 1,32,000 అవుతుంది. అంటే ఏడు నెలలు ఖాళీగా ఉంచి అద్దె కట్టినా వచ్చే వడ్డీలో మూడో వంతు కూడా ఖర్చు కాదు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. ఆ వడ్డీ మీద ఆదాయపు పన్ను ఉంటుంది, ఫ్లాట్ ధర పెరుగుతుంది, వడ్డీ పెరగదు. నిజమే. కానీ పెరిగిన ధర చేతికి రావాలంటే అమ్మాలి. ఉంటున్న ఇంటిని డెబ్బై దాటాక ఎంతమంది అమ్మగలరు? ఆ పెరుగుదల దాదాపు ఎప్పుడూ పిల్లలకే చెందుతుంది. పిల్లలకు ఆస్తి ఇవ్వడమే ఉద్దేశమైతే దాన్ని ఎండాకాలపు నివాసం పేరుతో కాక, ఆస్తి పంపకం గానే చూసి నిర్ణయించుకోవడం మంచిది.

ఆదాయపు పన్ను విషయంలో మాత్రం రెండిళ్లవారికి ఒక ఊరట ఉంది. ఒకప్పుడు రెండో ఇల్లు ఖాళీగా ఉన్నా అద్దె వచ్చినట్టే లెక్కగట్టి పన్ను వేసేవారు. 2019–20 ఆర్థిక సంవత్సరం నుంచి రెండిళ్లను సొంత నివాసంగా చూపుకోవడానికి అవకాశం వచ్చింది. 2025 బడ్జెట్ దానికున్న షరతులను కూడా తీసేసింది. మూడో ఇంటికి ఈ వెసులుబాటు లేదు.

చిన్న ఖర్చులు విడివిడిగా చూస్తే చిన్నవే. ఫ్లాట్ నిర్వహణ రుసుము మనం ఉన్నా లేకున్నా ప్రతి నెలా కట్టాలి. వాడకం లేకున్నా కరెంటు బిల్లు వస్తుంది. మున్సిపాలిటీలో ఇంటి పన్ను ఏప్రిల్ 30లోగా ఏడాదిదంతా కడితే 5 శాతం రాయితీ ఉంటుంది, బకాయి పెడితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. వంటగ్యాస్ విషయం చాలామందికి తట్టదు. ఒక కుటుంబానికి గృహ కనెక్షన్ ఒకటే కాబట్టి రెండో ఇంట్లో అయిదు కిలోల చిన్న సిలిండరో, ఇండక్షన్ పొయ్యో పెట్టుకోవలసి వస్తుంది. రాకపోకల ఖర్చులో మా ఇంట్లో ఒక వింత ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం కాబట్టి, ఊరి ఇల్లు చూసి రావలసినప్పుడల్లా నా భార్యే వెళ్తుంది. ఇంటి అసలు యజమాని ఎవరో ఊళ్లోవాళ్లకు ఇప్పుడు స్పష్టంగా తెలుసు.

## కాగితాలు

ఊరి పాత ఇల్లు ఉన్నవారికి ఇది ముళ్లకంప లాంటి విషయం. గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం మొదటి నుంచీ ఉన్న నివాస భూమిలో, ఉన్న ఇంటికి చాలాచోట్ల పంచాయతీ ఇంటి నంబరు, పన్ను రసీదులు తప్ప రిజిస్టరు దస్తావేజు ఉండదు. పైగా తాత పేరు మీదో తండ్రి పేరు మీదో ఉండి, పాలివాళ్ల మధ్య పంపకం నోటిమాటగానే సాగి ఉంటుంది. మనం అక్కడ ఉన్నంతకాలం ఎవరూ మాట్లాడరు. నాలుగైదేళ్లు తాళం వేసి ఉంచితే అరుగు పక్క కొట్టం ఎవరో వాడుకోవడంతో మొదలై హద్దు జరుగుతుంది. ఊరి ఇంటిని ఎండాకాలం వదిలి వెళ్లేవారు ముందుగా ఇంటి నంబరును తమ పేరుకు మార్పించుకుని, అన్నదమ్ములతో భాగపంపిణీ పత్రం రాయించి రిజిస్టరు చేయించుకోవాలి. ఫ్లాట్ కొనడానికి పెట్టే శ్రమలో పదో వంతు దీనికి పెడితే చాలు.

ఊళ్లో పాత ఇల్లు లేనివారికి ఎదురయ్యే మరో ఆకర్షణ సాగర్ రోడ్డు, శ్రీశైలం రోడ్ల మీద బోర్డులు పెట్టి అమ్మే ఫామ్ ప్లాట్లు. గుంటల లెక్కన అమ్మే ఆ భూమి చాలావరకు వ్యవసాయ భూమే. గుంట అంటే 121 గజాలు. దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్పించి, అనుమతి తెచ్చుకోనిదే ఇల్లు కట్టడం చట్టబద్ధం కాదు. అనుమతి వచ్చినా, చుట్టూ మనుషులు లేని చోట అరవై అయిదేళ్ల దంపతులు రాత్రిళ్లు ఒంటరిగా ఉండటం సినిమాలో చూసుకోవడానికి బాగుంటుంది.

## నాలుగు దారులు పక్కపక్కన

| దారి | చిక్కుబడే సొమ్ము | ఖాళీ నెలల్లో బాధ్యత | వైద్యం | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|---|
| రెండూ సొంత ఇళ్లు | చాలా ఎక్కువ | ఏడాది పొడవునా ఏదో ఒకటి మూసి ఉంటుంది | కాలాన్ని బట్టి మారుతుంది | రెండు చోట్లా నమ్మకమైన మనుషులు, పింఛను కాక వేరే ఆదాయం ఉన్నవారికి |
| ఒకటి సొంతం, ఎండాకాలానికి అద్దె | తక్కువ | సొంత ఇంటిది మాత్రమే | అద్దె ఇంటిని ఆస్పత్రికి దగ్గరగా ఎంచుకోవచ్చు | పూర్వీకుల ఇల్లు ఉన్న ఎక్కువమందికి |
| ఒకే ఇల్లు, దాన్నే ఎండకు తగినట్టు మార్చుకోవడం | కొన్ని లక్షలు | లేదు | ఇల్లు ఉన్న ఊరిని బట్టి | జిల్లా కేంద్రంలో ఉంటున్నవారికి |
| ఎండాకాలం పిల్లల ఇంట్లో | లేదు | సొంత ఇంటిది మాత్రమే | నగరంలో దగ్గర | పిల్లల ఇంట్లో వేరే గది ఉన్నవారికి |

పట్టికలో చిన్నదిగా కనిపించే మూడో దారి గురించి కొంత చెప్పాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, సూర్యాపేట వంటి పట్టణాల్లో సొంత ఇల్లున్నవారు 60 లక్షలు పెట్టి ఎండ నుంచి పారిపోవడం కంటే మూడు నాలుగు లక్షలతో ఎండను ఇంట్లోకి రానివ్వకుండా చేసుకోవచ్చు. శ్లాబు మీద తెల్లని చల్లపూత వేయించడం అన్నిటికంటే చవక. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. పడమటి గోడకు బయట నీడ కల్పించాలి, పడకగది ఒక్కదానికి ఏసీ పెట్టాలి, దాని కరెంటు కోసం పైకప్పు మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు వేయించుకోవాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఇంట్లో లేని నెలల్లో కూడా ఆ పలకలు కరెంటు తయారుచేసి గ్రిడ్‌కు పంపి మన ఖాతాలో జమ వేస్తాయి. తాళం వేసిన ఇంట్లో పనిచేసే వస్తువు నాకు తెలిసి ఇదొక్కటే.

పిల్లల ఇంట్లో ఉండటం ఖర్చు లేని దారిగా కనిపిస్తుంది. రెండు పడకగదుల ఫ్లాట్‌లో అమ్మానాన్నలు నాలుగు నెలలు హాల్లో పడుకుంటే కోడలికీ, అత్తకూ కష్టమే. రెండు గదులే ఉంటే నాలుగు వారాలు, మూడో గది ఉంటే నాలుగు నెలలు అని నా లెక్క. కొడుకు ఉన్న భవనంలోనో, పక్క వీధిలోనో చిన్న వాటా అద్దెకు తీసుకుంటే భోజనానికి కలుసుకోవచ్చు, నిద్రకు వేరుగా ఉండవచ్చు. అద్దె దారిలో ఉన్న పెద్ద సుఖం ఇదే. కొడుకు ఇల్లు మారితే మనమూ మారవచ్చు. కొన్న ఫ్లాట్ కదలదు. వనస్థలిపురంలో కొడుకు కోసం ఫ్లాట్ కొన్న మా తోటి ఉద్యోగి కొడుకు రెండేళ్లకు కొండాపూర్‌కు మారాడు. ఇప్పుడు తండ్రి కొడుకును చూడటానికి నగరం లోపలే గంటన్నర ప్రయాణం చేస్తాడు.

అద్దె దారికి ఉన్న ఇబ్బందులనూ దాచకూడదు. నాలుగు నెలలకే ఇల్లిచ్చే యజమానులు తక్కువ. పదకొండు నెలల ఒప్పందం రాసుకుని ముందుగా ఖాళీ చేస్తామని చెబితే కొందరు అడ్వాన్సులో కోత పెడతారు. ముసలివాళ్లు కాబట్టి ఇబ్బంది పెట్టరన్న నమ్మకంతో మంచి మాటకు ఇచ్చేవారూ ఉన్నారు. మేలో అందరూ ఇళ్లు మారతారు గనుక మనం ఫిబ్రవరిలోనే వెతకడం మొదలుపెట్టాలి. లిఫ్టు ఉండి, మొదటి రెండు అంతస్తుల్లో దొరికితే ఇంకేమీ చూడనక్కర్లేదు. అద్దెకు దిగిన మొదటి ఏడు మేము లిఫ్టు లేని మూడో అంతస్తు తీసుకుని నాలుగు నెలలూ కూరగాయలకు తాడు కట్టిన బుట్ట వేలాడదీశాం.

## ఎవరికి ఏది

పిల్లలు అమెరికాలో ఉండి, ఆర్నెల్ల అనుమతితో ఎండాకాలం అక్కడికి వెళ్లి వచ్చేవారికి ఇక్కడ రెండో ఇల్లు ఎందుకన్నది నాకు తోచదు. వారు వెళ్లినప్పుడు రెండిళ్లకూ తాళం పడుతుంది. వీరికి ఒక్క ఇల్లు, అదీ అపార్ట్‌మెంటులోనో, నలుగురు బంధువుల మధ్యనో ఉన్నది చాలు. తిరిగి వచ్చినప్పుడు పింఛను ఆగకుండా జీవన ధ్రువీకరణ పత్రం ఫోన్‌లోనే ముఖ గుర్తింపుతో పంపవచ్చు కాబట్టి దాని కోసం జిల్లాలో ఇల్లు ఉండనక్కర్లేదు.

ఊళ్లో వ్యవసాయ భూమి ఉండి, కౌలుకిచ్చినా వడ్లు, పత్తి లెక్కలు చూసుకోవలసినవారికి ఊరి ఇల్లు తప్పనిసరి. వానాకాలం నాట్ల నుంచి సంక్రాంతి దాకా వారి ఉనికి అక్కడే అవసరం. కురుమూర్తి జాతర ఆ నెలల్లోనే పడుతుంది, చెరువుగట్టు ఉత్సవాలు సంక్రాంతి దాటాక మాఘంలో వస్తాయి, బతుకమ్మ సరేసరి. ఎండాకాలంలో పొలంలో పని తక్కువ. వీరికి కాలాన్ని బట్టి ఇల్లు మారడం సహజంగా కుదురుతుంది కాబట్టి రెండో చోట అద్దె ఇల్లు బాగా సరిపోతుంది.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఊళ్లవారు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీరు వచ్చాక పరిస్థితి మారింది. అయితే నాలుగు నెలలు నగరంలో ఉండి వచ్చినవారు అలవాటు తప్పి సొంత బోరు నీటినే కాచి తాగడం నేను చూశాను. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై దాని గాఢత ఇంకా పెరుగుతుంది. తాగడానికీ వంటకూ భగీరథ నీరే వాడాలి.

భార్యాభర్తల్లో ఒకరే మిగిలినవారికి, ఎంత డబ్బున్నా, రెండిళ్లు వద్దు. ఇద్దరు కలిసి మోసే పనులైన తాళాలు, మందుల సంచులు, బిల్లులు, కుళాయి మరమ్మతులు ఒక్కరి మీద పడతాయి. ఒంటరిగా ఉన్నవారికి ఊరు మేలా, నగరం మేలా అన్నది రోజూ పొద్దున తలుపు తట్టి పలకరించే మనిషి ఎక్కడున్నారన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఇక రెండిళ్లు ఇప్పటికే ఉన్నవారు. వీరిలో చాలామంది అమ్మడానికి మనసు రాక, ఉంచుకోవడానికి ఓపిక లేక ఉంటారు. అమ్మనక్కర్లేకుండా ఒక పని చేయవచ్చు. ఊరి ఇంట్లో ముందు రెండు గదులను పక్క ఊరి బడిలో పనిచేసే టీచరుకో, ఏఎన్ఎమ్‌కో తక్కువ అద్దెకు ఇవ్వాలి. అద్దె ముఖ్యం కాదు, ఇంట్లో దీపం పెట్టే మనిషి ముఖ్యం. అయితే పదకొండు నెలల ఒప్పందం స్టాంపు కాగితం మీద రాసుకోకుండా ఇవ్వకూడదు. మేము ఇలా ఇచ్చిన తర్వాత మూడేళ్లలో చెదలు ఒక్కసారే కనిపించాయి, అదీ మా ఇంట్లో అద్దెకున్నామె చూసిన రోజే మందు కొట్టించింది. మోటరు అర్ర చెవి ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటుంది.

ఒకటి అమ్మాలనే నిర్ణయానికి వస్తే, ముందు ఫ్లాట్‌నే అమ్మడం మంచిది. గ్రామకంఠంలోని ఇంటిని కొనేది పక్కింటివారో పాలివాళ్లో తప్ప బయటివారు కాదు, వారు చెప్పే ధరకు మన మనసు ఒప్పదు. ఫ్లాట్‌కు మార్కెట్ ఉంది. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లయితే లాభం మీద 12.5 శాతం పన్ను కట్టాలా, కొన్న ధరను ధరల సూచీతో సర్దుబాటు చేసి మిగిలిన లాభం మీద 20 శాతం కట్టాలా అన్నది మనమే ఎంచుకోవచ్చు. రెండు రకాలుగా లెక్క వేయించి తక్కువ వచ్చింది కట్టాలి. ఇంకొక సంగతి. ఫ్లాట్ ఇద్దరి పేరు మీద ఉంటే రిజిస్ట్రేషన్ రోజున ఇద్దరూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఫొటో దిగి, వేలిముద్ర వేయాలి. మేము అమ్మిన రోజు ఆ ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మా ముందు వరసలో ఉన్న పెద్దమనిషిని కొడుకులిద్దరూ కుర్చీతో సహా పైకి మోశారు. ఆయన వేళ్ల గీతలు అరిగిపోయి యంత్రం ముద్ర తీసుకోక, మళ్లీ రెండు రోజుల తర్వాత రమ్మన్నారు.